రెండో రాడ్డు

ఈ మధ్య నాకో పాడు అలవాటు పట్టుకుంది. రోడ్డు పక్కన థారో, జిప్సీనో, పాత జీపో ఆగి ఉంటే చాలు, అద్దానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని లోపలికి తొంగిచూస్తాను. ఆసిఫాబాద్ బస్టాండు దగ్గర ఒకాయన నన్ను దొంగనుకుని ‘ఏం పెద్దమనిషీ, ఏం గావాలె’ అని గదమాయించాడు కూడా. నేను చూసేది సీట్లను కాదు, పాటల పెట్టెను కాదు. గేరు రాడ్డు పక్కనే ఇంకో పొట్టి రాడ్డు ఉంటుంది, దాన్ని. పెద్ద రాడ్డు తల మీద అంకెలు చెయ్యి తగిలి తగిలి సగం చెరిగిపోయి ఉంటాయి. పొట్టి రాడ్డు మీది 2హెచ్, 4హెచ్, 4ఎల్ అనే అచ్చులు మాత్రం కంపెనీలో ఎట్లా కొట్టారో అట్లాగే తెల్లగా ఉంటాయి. ఒక బండి అని కాదు, చూసినవాటిలో చాలా మటుకు ఇదే తంతు. మామూలు బండి కంటే లక్షలు ఎక్కువ పోసి కొన్నది ఆ పొట్టి రాడ్డు కోసమే కదా! మరి దాన్ని ముట్టుకోలేదేం? ముట్టుకోనిదానికి అంత డబ్బు ఎందుకు పెట్టినట్టు? నాకెందుకీ గోల అని సర్దుకుందామనుకుంటాను. ఇంతలో ఇంకో బండి కనబడుతుంది, మళ్లీ అద్దం దగ్గరికి పోతాను.

ఈ అలవాటుకు మూలం కరీంనగర్ బైపాస్ మీద ఉన్న ఒక పాత కార్ల దుకాణం. పేరెందుకులెండి. రేకుల షెడ్డు, ముందర వరసగా కడిగి తుడిచిన బండ్లు, టైర్లకు నల్ల పాలిష్, ప్రతి బండి అద్దం మీదా మోడల్ సంవత్సరం రాసిన స్టిక్కరు. అక్కడి కుర్రాడు నన్నొక ఎర్ర థార్ దగ్గరికి తీసుకుపోయి, ‘సింగిల్ హ్యాండ్ సార్, డాక్టర్ సాబు బండి. ఫోర్ బై ఫోర్ అయితే ఒక్కపారి గూడ ఏయలే’ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి ముఖంలో ఎంత గర్వమో! పిల్ల ఇంటి గడప దాటలేదని సంబంధాలవాళ్లు చెప్పే తీరు. నేనూ మొదట మురిసిపోయాను. తిరుగు ప్రయాణంలో మంచిర్యాల దాటాక అనుమానం మొదలైంది. ఒక పని కోసమే తయారైన యంత్రం ఆ పని ఒక్కనాడూ చెయ్యలేదంటే అది దాని సుగుణమా? అది ఆ పని చేస్తుందని నాకు, అమ్మేవాడికి, ఆ డాక్టరుగారికి, ఎవరికైనా ఏమని నమ్మకం?

నిజానికి డాక్టరుగారిని తప్పుపట్టడానికి లేదు. మామూలుగా పోతున్నప్పుడు ఇంజను బలం వెనక చక్రాలకే అందుతుంది. పొట్టి రాడ్డు లాగితే నడుమ ఉన్న ఇంకో గేరు పెట్టె అందులో సగం ముందు చక్రాలకు పంపుతుంది. ముందూ వెనకా ఒకే వేగంతో తిరుగుతాయి. అదే ఫోర్ బై ఫోర్, రాడ్డు మీది 4హెచ్. వేగం తగ్గి లాగే బలం పెరగాలంటే 4ఎల్. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం పోవాలి. బురదలో, ఇసుకలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడాను మింగేస్తుంది. గట్టి తారు మీద జారదు, ఆ బిగువంతా గేర్ల పండ్ల మీదా టైర్ల మీదా పడుతుంది. అందుకే ఎండిన తారు రోడ్డు మీద ఆ రాడ్డు వెయ్యగూడదంటారు. కరీంనగర్ నుంచి హైదరాబాదుకు రాజీవ్ రహదారి మీద పోయి వచ్చే మనిషి దాన్ని ఎప్పుడు లాగాలి, పాపం? అయితే ఇక్కడో తిరకాసుంది. నెలకోసారైనా మట్టి మీద ఆ రాడ్డు వేసి కొంచెం దూరం నడపమని ఈ బండ్లు తెలిసినవాళ్లు చెబుతారు. లోపలి గేర్లకు నూనె అందడానికి, రబ్బరు సీళ్లు ఎండిపోకుండా ఉండటానికి. మా మిస్త్రీని అడిగితే పానా కింద పెట్టకుండానే ‘చల్తే రహే తో ఠీక్ సాబ్, ఖడే రహే తో జామ్’ అన్నాడు.

ఇంతకూ నాకెందుకు ఆ బండి? మా ఇంట్లో అందరూ అడిగిన ప్రశ్న ఇది, నాకు నేనే ఎక్కువగా వేసుకున్నాను. తిర్యాణి అవతల మాకు కొంచెం పత్తి భూమి ఉంది, నల్లరేగడి. మిరుగం దాటి రెండు వానలు పడ్డాయంటే ఆ దారిలో బైకు టైరుకు మట్టి చుట్టుకుని చక్రం తిరగడం మానేస్తుంది. నడుమ రెండు ఒర్రెలు. ‘పత్తి చేను కాడికి పోనీకి గింత బండెందుకు? ఇన్నొద్దులు ట్రాక్టరు మీద పోలేదా?’ అంది మా ఆవిడ. సమాధానం లేదు. ట్రాక్టరు మీద పోయిన మాట నిజమే. మరి చేను నెపమేనా? అసలు కోరిక వేరే ఉందా? ఉందనే అనుమానం. దాన్ని తవ్వుకుంటూ పోతే కెరమెరి దాకా పోవలసి వచ్చింది.

మా నాయన కెరమెరి వైపు బడి పంతులుగా చేసిన కాలంలో, ఊళ్లోకి జీపు చప్పుడు వినిపించిందంటే మనుషులు కనబడేవాళ్లు కాదు. ముందు పిల్లలం ఉరికేవాళ్లం, చూడటానికి. పెద్దలూ ఉరికేవాళ్లు, ఎదురు దిక్కుకు. పోడు కొట్టుకున్నవాడు, దూలానికి టేకు దుంగ తెచ్చుకున్నవాడు, శిస్తు బాకీ ఉన్నవాడు, ఏ బాకీ లేకున్నా భయం మిగిలినవాడు. జీపులో వచ్చేది అడవి శాఖో, రెవెన్యూనో, పోలీసులో. ఇంకెవరికీ జీపు ఉండేది కాదు. తర్వాత్తర్వాత మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ రాసినవి చదివినప్పుడు ఆ భయం జీపు కంటే చాలా పాతదని తెలిసింది. 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం సర్కారు ఆయన్ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి చూసి రాసిన నివేదికలు 1945లో ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో అచ్చయ్యాయి. అడవి సిబ్బంది వసూళ్లు, సొంత భూమి మీద నిలువనీడ లేని బతుకు, అన్నీ వాటిలో ఉన్నాయి. అప్పటికి ఈ గుట్టల్లోకి జీపు రాలేదు. వచ్చాక ఆ అధికారానికి నాలుగు చక్రాలు తోడయ్యాయి, అంతే. అలాంటి బండి తోలాలని ఒక పంతులు కొడుక్కు ఎందుకు అనిపిస్తుంది? దాన్ని చూసి ఉరికినవాళ్ల పక్షాన అనిపిస్తుందా, అందులో కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాళ్ల పక్షాన అనిపిస్తుందా? ఈ ప్రశ్నను నేను ఎక్కువ సేపు పట్టుకోలేకపోయాను. రెండోదే అయితే ఏం చెయ్యాలి మరి!

అయితే జీపు కథ అక్కడితో ఆగలేదు. కొన్నేళ్లకు అవే జీపులు ముసలివై వేలంలో పోయి, మిస్త్రీల చేతుల్లో పడి, అంగడి బండ్లయ్యాయి. వాటి వెనకే కమాండర్లొచ్చాయి. జైనూరు అంగడి నాడు కమాండర్ జీపు ఎక్కినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. లోపల ఎంతమందో లెక్కుండేది కాదు. పైన కోళ్ల గంపలు, వెనక మెట్టు మీద నలుగురు, డ్రైవరు సగం బయటికి వేలాడుతూ స్టీరింగు తిప్పేవాడు. విచిత్రమేమిటంటే, ఆ కమాండర్లలో చాలావాటికి ముందు చక్రాల బలమే ఉండేది కాదు. చూడటానికి జీపే, లాగేది మాత్రం వెనక చక్రాలే. కెరమెరి ఘాట్ మీద వానలో జారితే అందరం దిగి నెట్టేవాళ్లం. అదీ మా ఫోర్ బై ఫోర్. ఏ బండిని చూసి ఊరు పారిపోయిందో, ఆ బండిలోనే ఊరు ఎక్కి పిండి గిర్నీకీ, ఆస్పత్రికీ, పెళ్లికీ పోయింది. రెండో చేతికి వచ్చాకే అది జనానిదైంది. ఈ మాట రాస్తుంటే నాకు కొంచెం ధైర్యం వస్తున్నది. నేను కొనబోయేదీ సెకండ్ హ్యాండే కదా.

ఇప్పుడా వేలం దారి మూసుకుపోయింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదని కేంద్రం నిబంధన తెచ్చింది. అవి తుక్కుకే పోవాలి. పొగ, ప్రమాదం, అన్నీ ఆలోచించి చేసిందే, కాదనను. కానీ ముసలి సర్కారు జీపు గూడెం దాకా వచ్చే బాట తెగింది. ఇక మనకొచ్చేవి పట్నంలో విసుగు పుట్టినవాళ్లు వదిలించుకునేవి. 2020లో కొత్త థార్ వచ్చినప్పుడు ఎగబడి కొన్నవాళ్లు కొందరు, వెనక సీట్లోకి అమ్మ ఎక్కలేకపోతున్నదనీ, మైలేజీ రావడం లేదనీ, కుదుపులకు నడుం పడుతున్నదనీ అమ్మేస్తున్నారు. కంపెనీ కూడా జనం సంగతి కనిపెట్టినట్టుంది, 2023 జనవరిలో ఆ పొట్టి రాడ్డే లేని థార్‌ను తక్కువ ధరకు దించింది. బయట నుంచి చూస్తే తేడా చప్పున తెలియదు, పాత బండ్లు కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఒక దుకాణంలో నాకు అలాంటిదాన్నే ‘జీపే గద సార్’ అని చూపించారు.

అసలు ఈ బండ్ల కథే చేతులు మారిన కథ. 1941 నుంచి యుద్ధం ముగిసేదాకా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం ఆగాక మిగిలినవాటిలో చాలా డిస్పోజల్లో పడి లోకమంతా చెల్లాచెదురయ్యాయి. మన దగ్గర 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అని ఒక కంపెనీ పుట్టింది. దేశం రెండు ముక్కలయ్యాక గులాం మహమ్మద్ పాకిస్తాన్ పోయి ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి అయ్యాడు, కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం దాని తొలి పనుల్లో ఒకటి. ఇప్పుడు దానికి మన జహీరాబాద్‌లోనూ ఫ్యాక్టరీ ఉంది. ఇది వ్యాపారం సంగతి. సర్కారు పాత జీపులు కొన్న సంగతి ఇంకా రుచిగా ఉంటుంది.

1948లో కాశ్మీర్ యుద్ధం నడుస్తున్నది, సైన్యానికి జీపులు కావాలి. లండన్‌లో మన హైకమిషనర్ వి.కె. కృష్ణ మీనన్ మామూలు పద్ధతులు పక్కన పెట్టి, ఒక విదేశీ కంపెనీతో 80 లక్షల రూపాయల బేరం కుదుర్చుకున్నారు. కొత్తవి కాదు, బాగుచేసి ఇచ్చే పాతవి. డబ్బులో ఎక్కువ భాగం ముందే ఇచ్చేశారు. ఒడ్డుకు చేరినవి 155. అవీ పనికిరావని గగ్గోలు పుట్టింది. స్వతంత్ర భారతంలో తొలి కుంభకోణంగా దాన్నే చెప్పుకుంటారు. విచారణ సంఘానికి పెద్ద మన తిరుచానూరు మనిషి, మాడభూషి అనంతశయనం అయ్యంగార్. న్యాయ విచారణ జరపాలని ఆ సంఘం అన్నది. 1955 సెప్టెంబర్ 30న హోంమంత్రి గోవింద్ వల్లభ్ పంత్ కేసు మూసేశామన్నారు. మరుసటి ఏడు మీనన్ కేంద్ర మంత్రి అయ్యారు, అయ్యంగార్ లోక్‌సభ స్పీకర్ అయ్యారు. పాత జీపులు ఏమయ్యాయో మరి! ఈ సంగతి చదివిన రోజున నాకు నవ్వు ఆగలేదు. బండిని కళ్లతో చూడకుండా, కింద పడుకుని చూసే మనిషిని వెంట తీసుకుపోకుండా, డబ్బు మాత్రం చాలా మటుకు ముందే ఇచ్చేయడం! మా ఊళ్లో మేకపిల్లను కూడా అట్లా కొనరు.

నేను మాత్రం కరీంనగర్ దుకాణానికి మళ్లీ పోయినప్పుడు మిస్త్రీని తీసుకుపోయాను. అతను బానెట్ ఎత్తడానికి ముందు చాపలెత్తాడు. సీటు కింది పట్టాలకు తుప్పు ఉందా, చాప కింద సన్నటి ఒండ్రు ఉందా, సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగితే ఎక్కడైనా నీటి గీత ఉందా అని. వరదలో మునిగి తేలిన బండిని ఎంత కడిగినా బెల్టు లోపలి చుట్టలో మట్టి మిగిలిపోతుందట. ముందు, వెనక హౌసింగుల ఆయిలు వేలితో తీసి చూశాడు, తెల్లగా నురగ కట్టి ఉంటే లోపలికి నీళ్లు పోయాయన్నట్టు. ఆ తర్వాత అడిగాడు, ఇక్కడ మట్టి ఎక్కడుందని. దుకాణం కుర్రాడు బిత్తరపోయాడు. ‘రోడ్డు మీద ట్రయల్ కొట్టుండ్రి సార్, మట్టిల ఎందుకు, బండి కడిగినం గద’ అన్నాడు. మట్టి మీదనే 4హెచ్ వేసి స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా నడిపితే, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో స్టీరింగు బిగువులోనే తెలిసిపోతుంది. బండి ఆపి న్యూట్రల్ చేసి 4ఎల్ వేస్తే పడాలి, పడ్డది ఊడకూడదు. ఇంత చిన్న పరీక్షకు ఒప్పుకోని దుకాణాలు నాకు తగిలాయి. కడిగిన బండికి మట్టి అంటుతుందని వాళ్ల బాధ. మట్టి అంటడానికే కదా నాయనా నేను కొనేది!

కాగితాల దగ్గర ఇంకో రకం బురద. పాత బండ్ల వ్యాపారం చేసేవాళ్లు రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలనే నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాన్ని ఫారం 29బి అంటారు. యజమాని బండిని దుకాణంలో అప్పగించినప్పుడు ఫారం 29సి ద్వారా ఆ సంగతి తెలియజెయ్యాలి, అప్పటినుంచి అమ్ముడుపోయేదాకా ఆ బండికి యజమాని లెక్కన బాధ్యత దుకాణందారుదే. ఎందుకింత జాగ్రత్త అంటారా? చేతులు మారినా ఆర్సీలో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం భారం రికార్డులో పేరున్న పాత యజమాని మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. అందుకని ఫారం 29, 30 సంతకాలు, అప్పు మీద కొన్న బండయితే బ్యాంకు ఇచ్చే ఫారం 35, వేరే రాష్ట్రం బండయితే ఎన్ఓసీ. మహారాష్ట్ర మనకు పక్క గుమ్మమే, వాంకిడి దాటితే చంద్రాపూర్ దారి. అక్కడి బండి చవకని తెచ్చుకుని, ఇక్కడి పన్ను కట్టేసరికి తల పట్టుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ‘కాగితాలు తర్వాత చూస్కుందం, ముందు టోకెన్ ఏయుండ్రి’ అన్న చోట నేను కుర్చీలోంచి లేచి వచ్చేశాను. ఆ డాక్టరుగారి బండి అక్కడే ఉండిపోయింది.

ఇవన్నీ పెట్టుకుని తిరుగుతున్న రోజుల్లోనే అసలు దిగులు పట్టుకుంది. అది ధర గురించి కాదు. 2022 వానాకాలంలో అందవెల్లి దగ్గర పెద్దవాగు మీది వంతెన కుంగి, ఆ తర్వాత కూలింది. కాగజ్‌నగర్, దహెగాం మధ్య దారి తెగిపోయింది. అది పెద్ద వంతెన కాబట్టి పేపర్లో పడింది. పేపర్లోకి ఎక్కని ఒర్రెలు, కల్వర్టులు ఈ జిల్లాలో ఎన్ని! 108 బండి వాగు ఒడ్డున ఆగుతుంది. నిండు చూలాలిని ఎడ్లబండి మీదనో, మంచం మీదనో ఇవతలికి మోసుకొస్తారు. ప్రతి వానాకాలం ఇది వినవలసిందే. నేను కొనే బండి నన్ను ఒర్రె దాటిస్తుంది, నిజమే. ఊరు మాత్రం అవతలే ఉంటుంది. అంటే నేను చేస్తున్నదేమిటి? అందరికీ కావలసిన వంతెనను నా ఒక్కడి మందం కొనుక్కుని ఇంటి ముందర నిలుపుకోవడమా? డబ్బున్నవాడు బోరు వేసుకున్నాక ఊరి చెరువు పూడిక మాట ఎత్తడు. దారి గురించి నేనూ అట్లాగే నోరు మూసుకుంటానా? ట్రాక్టరు మీద పోయినన్నాళ్లూ కల్వర్టు కోసం దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టాను. బండి వచ్చాక కూడా ఆ కాగితం రాస్తానా? రాస్తానని గట్టిగా అనాలనుంది, అయినా నా మీద నాకు అంత నమ్మకం లేదు.

ఈ బండి గురించి ఇంకో భ్రమ కూడా పోవాలి. కొత్త థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో నడుస్తుందని కంపెనీ లెక్క. మోకాలు దాటిన లోతు. కానీ అది నిలిచిన నీటి సంగతి. పారే నీటికి ఎన్ని చక్రాలు లాగుతున్నాయన్నదానితో పనిలేదు. పక్క నుంచి తోసి, కిందినుంచి ఎత్తి పట్టుకుపోతుంది. నాలుగు చక్రాలూ లాగాలంటే ముందు అవి నేల మీద ఆనాలి కదా. బురదకు, ఇసుకకు, ఎక్కుడుకు ఇది మందు. వరదకు కాదు. వాగు ఉరుకుతున్నప్పుడు ఎడ్లబండివాడు ఆగిన చోటే థార్‌వాడు కూడా ఆగాలి.

చివరికి హైదరాబాద్‌లో ఒక దుకాణంలో, కాగితాలన్నీ బల్ల మీద పరిచి చూపించి, వెనకున్న ఖాళీ స్థలంలోని మట్టిలో తోలుకోనిచ్చినవాళ్ల దగ్గర కొన్నాను. ముందరి యజమానికి వికారాబాద్ వైపు తోట ఉందట, బండి అడుగున గీతలున్నాయి, ధర కాస్త ఎక్కువే చెప్పారు. మిస్త్రీ ఆ గీతలు తడిమి చూసి ‘చలేగా’ అన్నాడు. మా ఆవిడ మొదటిసారి ఎక్కి, మెట్టు మరీ ఎత్తుగా ఉందని విసుక్కుంది. కల్వర్టు దరఖాస్తు ఈ ఏడు కూడా ఇచ్చాను. ఇచ్చి ఊరుకోకుండా, మా చేను దారిలో ఉన్న రెండు గూడేల ఆశా కార్యకర్తల దగ్గరికి పోయి నా ఫోన్ నంబరు రాసిచ్చాను. 108 రాలేని చోటి నుంచి అది ఆగే చోటి దాకా, రాత్రయినా పగలైనా పిలవమని. ఇప్పటిదాకా ఒక్కరూ పిలవలేదు. మిరుగం ఇంకా రాలేదు కాబట్టి అది మామూలే. ఆసిఫాబాద్, ఉట్నూరు, తిర్యాణి, బెజ్జూరు వైపు మీ ఇళ్ల ముందర ఇలాంటి బండ్లు చాలానే నిలబడి ఉన్నాయి, అద్దాల్లోంచి నేను చూశాను. వానలు మొదలుకాకముందే మీరూ ఒకసారి మీ పక్క గూడెం దాకా పోయి, అక్కడి ఆశా అమ్మకు మీ నంబరు ఇచ్చి రండి.